పందొమ్మిదో మేకు

పోయిన వారం మనం భూలక్ష్మిని బురుజుగూడ పెద్ద దర్వాజ లోపల, అడ్డగడియకు వీపు ఆనిచ్చి నిలబడ్డకాడ విడిచిపెట్టి పోయినం. మనం తిన్నం, పన్నం, ఆఫీసులకు పోయి వచ్చినం. ఆమె మాత్రం ఏడు రోజులుగ అట్లనే నిలబడి ఉన్నది. కాళ్లు గుంజుతున్నయ్. అందుకే జల్ది జల్ది గుర్తుజేసుకుందాం.

నానక్‌రామ్‌గూడ అద్దాల టవర్ల నడుమ ఇరుక్కున్న ఊరు బురుజుగూడ. ఒకప్పుడు చుట్టూ కోటగోడ ఉన్న పట్నం అది. ఇప్పుడు గోడ లేదు, ఒక్క దర్వాజ మిగిలింది. ఊరు దాటే బాట దాని కింది నుంచే పోతది. గోడ రాళ్లు యాడికి పోలే, ఊర్లనే ఉన్నయ్: సగం బట్టలుతికే బండలైనయ్, సగం ఇండ్ల ముంగట అరుగులైనయ్. ఆరొందల ఏండ్ల ఆ దర్వాజకు రెండు దిక్కుల ఉన్న పహరా అర్రలల్ల ఊరోళ్లు ఒక మ్యూజియం పెట్టుకున్నరు. ఈ చుట్టుపక్కల నుంచి ఫౌజుకు పోయినోళ్ల టోపీలు, పెట్టెలు, బూట్లు, ఉత్తరాలు. దాన్ని చూసుకునేది భూలక్ష్మి. యాభై ఆరేండ్లుంటయ్.

పక్క టవరు కట్టిన మేఘమండల్ కంపెనీకి ఈ దర్వాజ మీద మనసు పడ్డది. దీంట్ల కాఫీ లాంజ్ పెడ్తరట. వారసత్వ కమిటీ ఆఫీసరు రవీందర్ ఒకటే మాట అన్నడు: "ఏ వస్తువు ఎవరిదో, ఎట్ల వచ్చిందో రాసిన రిజిస్టరు గురువారం పదకొండుకు చూపియ్యి అక్కా. లేకపోతే దర్వాజ కంపెనీకి, సామాన్లు గోదాముకు." భూలక్ష్మి కాడ రిజిస్టరు లేదు. ఊరోళ్లు పెట్టెలు తెచ్చిచ్చినప్పుడు చాయ్ తాగి పోయిన్రు గని, సంతకాలు పెట్టి పోలే.

గురువారం వచ్చింది. రవీందర్ వచ్చిండు. కంపెనీ మనిషి మధుకర్ నలభై అట్టపెట్టెలతోని వచ్చిండు. భూలక్ష్మి వాళ్ల మొకాల మీదనే దర్వాజ మూసింది.

ఇగ నడువుండ్రి.

ఆ దర్వాజ మూతపడుడు చిన్న ముచ్చట కాదు. నలభై ఏండ్లకు పైన అది తెరిచే ఉన్నది. ఇరుసు విరిగింది, ఇగ మూతపడదు అని భూలక్ష్మి తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు వాళ్లవ్వ, కన్నతల్లి మల్లమ్మ చెప్పింది. ఊరంతా నమ్మింది. కంపెనీ ఇంజినీర్లు కూడ వచ్చి, లేజరుతోని కొలిచి, 'పని చేయని అలంకార తలుపు' అని రిపోర్టు రాసిన్రు. తీరా చూస్తే ఇరుసుకు ఏం కాలే. కింద ఒక బండరాయి అడ్డం పెట్టి ఉన్నది, అంతే. దాన్ని మ్యూజియం ఊడ్చే పుల్లయ్య ఒక్క తన్ను తన్నిండు. దర్వాజ మూలిగి, మూలిగి, బుద్ధిగ మూతపడ్డది.

పదకొండు దాటి అయిదు నిమిషాలకు షేరాటోలు ఆగినయ్. పది నిమిషాలకు వాటి వెనుక డెలివరీ బండ్లు ఆగినయ్. పావుగంటకు కొత్తగూడ ఫ్లైఓవర్ మీద ఒకాయన కారు బంద్ జేసి, సీటు వెనక్కి వాల్చి, పక్క కారాయనతోని బిడ్డ పెండ్లి సంబంధం ఖాయం చేసుకున్నడు. ఇరవై నిమిషాలకు ముప్పయ్యో అంతస్తుల ఒక టీమ్‌కు ఇడ్లీ అందక, అమెరికాల ఒక బ్యాంకు కాసేపు ఆగిపోయిందని అంటరు. అబద్ధం ఆడాల్సిన అవసరం వాళ్లకేమున్నది?

గోడనే లేదు గదా, చుట్టు తిరిగి రావచ్చు గదా అంటరేమో. ఎట్ల వస్తరు? పోయిన నెలనే మధుకర్ రెండు దిక్కుల కిలోమీటరు పొడుగు ఇనుపరేకుల కంచె కొట్టిచ్చిండు. బురుజుగూడకు మళ్ల కోటగోడ కట్టిచ్చిన పుణ్యం ఆయనదే.

దర్వాజ లోపల ముగ్గురున్నరు. ఒకరు భూలక్ష్మి. రెండు, జాస్మిన్, తెనాలి పిల్ల, నల్లగండ్లల ఉంటది, మ్యూజియంకు గైడు. ఉన్నది ఒకటే కత్తి, ఆ ఒక్క కత్తితోని బడి పిల్లలకు రోజుకో కొత్త యుద్ధం గెలిపిస్తది. మూడోది పుల్లయ్య. డెబ్బై అయిదు దాటినయ్. పొద్దున వచ్చి ఊడుస్తడు, ఇత్తడి బిళ్లలు తుడుస్తడు, బూట్లకు పాలిష్ పెడ్తడు. మాట్లాడడు. పంటినొప్పి అని చెంపల చుట్టూ రుమాలు కట్టుకొని ఉంటడు. నలభై ఏండ్ల పంటినొప్పి. పండ్లన్నీ ఊడిపోయినయ్, నొప్పి మాత్రం పోలే.

దర్వాజల చిన్న దిడ్డి తలుపు ఉన్నది, మనిషి వంగి దూరేటంత. దాని సందుల నుంచి మధుకర్ గొంతు వచ్చింది.

"భూలక్ష్మిగారూ, ఓపెన్ చేయండి. మెచ్యూర్డ్‌గా కూర్చొని మాట్లాడుకుందాం."

"నలభై అట్టపెట్టెలు తెచ్చుకొని మాట్లాడుదాం అంటవేంది బిడ్డా? మాటలు పెట్టెలల్ల కట్టుకొని పోతవా?"

"మీ జాబ్ ఎక్కడికీ పోదండి. లాంజ్ ఎంట్రన్స్‌లో పోస్ట్ మీకే. పట్టుచీర ఇస్తాం. వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లి, వంగి నమస్తే పెడితే చాలు."

"ఈ దర్వాజ ముంగట వంగినోళ్లే ఉన్నరు గని, దర్వాజ ఎవనికీ వంగలే. నాకూ రాదు. నేర్చుకునే వయసు కూడ దాటింది."

"మాస్ అండి," అన్నది జాస్మిన్ మెల్లగ.

రవీందర్ గొంతు సవరించుకున్నడు. మంచోడే. భయపడే మంచోడు. "అక్కా, నేను సర్కారు మనిషిని. నా చేతుల ఒకటే కాగితం ఉన్నది, దాంట్ల ఒకటే గడి ఖాళీ ఉన్నది. రిజిస్టరు ఉన్నదా, లేదా? ఉన్నదంటే చూసి సంతకం పెట్టి పోత. లేదంటే పన్నెండు గంటలకు నేను 'లేదు' అని రాయాలె. నాకు మాత్రం ఖుషీనా చెప్పు?"

దర్వాజ మూసుడు దాకనే భూలక్ష్మి ఆలోచన చేసుకున్నది. మూసినాంక ఏం చేయాల్నో అనుకోలే.

"భూలక్ష్మిగారూ," అన్నది జాస్మిన్. ఫోను లైటు దర్వాజ మీద కొట్టింది. "ఇవేంటండీ?"

భూలక్ష్మి వెనుకకు తిరిగింది.

నలభై ఏండ్లు గోడకు ఆని దాక్కున్న దిక్కు అది. దర్వాజ లోపలి మొకం. బూజు, దుమ్ము, వాటి నడుమ మూడు వరుసల ఇనుప పువ్వులు. ఒక్కొక్కటి గోళీకాయంత. ఆరు రెక్కలు.

ఈ వరుసలు ఆమెకు తెలుసు. చిన్నప్పుడు అవ్వ ఒళ్ల పడుకొని విన్నది, కోట్లసార్లు విన్నది. అంతకన్న తక్కువైతే కాదు. మొదటి వరుస, మొదటిది... అని అవ్వ చెప్తుంటే నిద్రపోయేది. అది జోలపాట అనుకున్నది ఇన్నేండ్లు.

"జాస్మిన్," అన్నది. "దిడ్డి తియ్యి. రమ్మను. రిజిస్టరు దొరికింది."

దిడ్డిల నుంచి ముందు రవీందర్ వచ్చిండు, అలవాటున్నోని లెక్క తల వంచి. తర్వాత మధుకర్. ఆయన ఎన్నడూ తలుపు తోయలే, తలుపులే ఆయన్ను చూసి తెరుచుకుంటయ్. నుదురు గుద్దుకున్నడు. మెడల ఐడీ కార్డు గొళ్లానికి తట్టుకున్నది. అట్లనే సగం వంగి, సగం ఉరివడి నిలబడ్డడు. పుల్లయ్య పోయి తాడు విడిపిచ్చిండు.

"వంగితివి గద బిడ్డా," అన్నది భూలక్ష్మి. "దర్వాజ పని దర్వాజ చేసింది."

"రిజిస్టర్ ఏదండీ?"

"నీ ముంగటనే ఉన్నది."

మధుకర్ చూసిండు. "ఇది తలుపు."

"అవు. మా తాతల కాలంల కాగితం తక్కువ, తలుపు పెద్దది. ఇను. ఈ ఊరి నుంచి ఎవడన్న ఫౌజుకు పోయేటప్పుడు, వాడు ఈ దర్వాజ దాటంగనే వాళ్లవ్వనో పెండ్లామో లోపలి నుంచి ఒక మేకు కొడ్తది. మా ఊరి కమ్మరి చేసిన పువ్వు మేకు, ఇంకోకాడ దొరకది. తిరిగొచ్చినోడు తన చేత్తోని తాను పీక్కోవాలె. ఇంకొకరు ముట్టొద్దు. పీకింది ఇంటికి తీస్కపోయి గోడకు కొట్టుకుంటడు. రానోని మేకు ఇక్కడ్నే ఉంటది. మా మ్యూజియంల ఉన్న సామానంతా రానోళ్లదే. వచ్చినోడు తన బూట్లు తాను తొడుక్కోడా? మనకెందుకిస్తడు?"

రవీందర్ కాగితం కిందికి దించిండు. "పేర్లు?"

"నా నోట్లె ఉన్నయ్. నువ్వు మేకు మీద ఏలు పెట్టు. జాస్మిన్, నువ్వు సామాను పట్టు."

గొంతు సవరించుకోలే. అవ్వ ఒళ్ల విన్న రాగంలనే మొదలుపెట్టింది.

"మొదటి వరుస, మొదటిది. కుమ్మరి సాయన్న. ఎడారి యుద్ధానికి పోయిండు. నీళ్ల సీసా వచ్చింది, మనిషి రాలే."

జాస్మిన్ ఉరికింది. "ఇదిగోండి సీసా! మూత మీద కుండ బొమ్మ కూడా గీసుకున్నాడండీ!"

"రెండోది. గొల్ల కొమురయ్య. వాడూ ఎడారికే. ఒక కాలు బూటు వచ్చింది."

"ఇదిగోండి, ఎడమకాలిది!"

"మూడోది..."

రవీందర్ ఏలు ఒక మేకు నుంచి ఇంకో మేకు మీదికి పోతనే ఉన్నది. ప్రతి మేకు కింద ఏదో ఒక గీత చెక్కి ఉన్నది: కుమ్మరోనికి కుండ, గొల్లోనికి గొర్రె. రాత రానోళ్లు పెట్టిన గుర్తులు. ఆమె ఏది పలికితే అదే ఆయన ఏలికి తగులుతున్నది. ఆరో పేరుకు రవీందర్ రాసుడు మొదలుపెట్టిండు. తొమ్మిదో పేరుకు కండ్లద్దాలు తుడుసుకున్నడు, దుమ్ము అన్నడు. పదకొండో పేరుకు బయట ఆగిన ఆటోడ్రైవర్లు హారన్లు బంద్ జేసి దిడ్డి కాడ చెవులు పెట్టిన్రు. హైదరాబాదుల ఆటోడ్రైవరు హారన్ బంద్ జేసుడు చరిత్రల అదే మొదటిసారి, దాని మీద కూడ మ్యూజియం పెట్టొచ్చు.

మధుకర్ చెమట తుడుసుకున్నడు. "సార్, ఇది ఓరల్ ట్రెడిషన్ అండి. దీన్ని డాక్యుమెంట్ అంటామా?"

"ఏలు పెట్టి చదువుతున్న గద మధుకర్‌గారు," అన్నడు రవీందర్, రాత ఆపకుండ. "మీరు ఫోన్‌ల చదువుతరు. నేను తలుపు మీద చదువుతున్న."

భయపడే మంచోనికి ఇంత ధైర్యం యాడికెళ్లి వచ్చిందో ఆయనకే అర్థం కాలే.

"మూడో వరుస, ఆరోది. వడ్ల ఈరయ్య. మంచుకొండలల్ల. ఉన్ని టోపీ వచ్చింది."

"ఇదిగోండి టోపీ!"

ఇగ ఒక్కటే ఉన్నది. భూలక్ష్మి ఊపిరి తీసుకున్నది. ఈ పేరు కాడ అవ్వ గొంతు ఎప్పుడూ జర మెత్తబడేది.

"మూడో వరుస, చివరిది. పందొమ్మిది. బాలనర్సయ్య. డెబ్బై ఒకటి యుద్ధం. నాకు రెండేండ్లు. పెట్టె వచ్చింది, 'కనబడుట లేదు' అని తంతి వచ్చింది. మనిషి రాలే. మా నాయిన."

జాస్మిన్ రేకుపెట్టె రెండు చేతులతోని ఎత్తి పట్టుకున్నది.

రవీందర్ ఏలు పద్దెనిమిదో పువ్వు నుంచి పక్కకు జరిగింది. ఇంకా జరిగింది. ఒక బొక్కల పడ్డది.

"అక్కా," అన్నడు. "ఇక్కడ మేకు లేదు."

"జర చూడు. చివర్న."

"చివర్నే చూస్తున్న. కింద గుర్తు ఉన్నది, నాగలి. మేకు లేదు."

ముందు తేరుకున్నది మధుకరే. నుదుటి మీది బొప్పి కూడ నవ్వింది.

"సార్, డేటా మ్యాచ్ కావట్లేదు. పందొమ్మిది పేర్లు, పద్దెనిమిది మేకులు. మేడమ్ సొంత ఫాదర్ ఎంట్రీయే తప్పు. ఒకటి తప్పైతే మిగతావి కరెక్ట్ అని ఎలా నమ్మాలి? రాయండి సార్, రిజిస్టర్ లేదు అని. బాయ్స్, బాక్సులు తీసుకురండి!"

"ఆగుండ్రి," అన్నది జాస్మిన్, తెనాలి పిల్ల నోట్ల నుంచి అచ్చంగ బురుజుగూడ మాట ఊడిపడ్డది. రేకుపెట్టె గుండెలకు అదుముకొని దిడ్డికి అడ్డం నిలబడ్డది. "ఎవడొస్తాడో రానీయండి. ఈ పెట్టెతోనే కొడతాను."

భూలక్ష్మి ఇదంతా ఇనలే. బొక్క కాడికి పోయింది. లైటు పెట్టి చూసింది. చెక్క పాతగనే నల్లబడి ఉన్నది. లోపల ఒక సాలెపురుగు సంసారం పెట్టి, మనుమలను, మనుమరాండ్లను చూసి పోయింది.

"కొత్తగ పీకింది కాదు," అన్నడు రవీందర్ పక్కకొచ్చి. "దర్వాజ గోడకు ఆనకముందే పోయింది ఇది."

దర్వాజ గోడకు ఆనకముందు. రాయి అడ్డం పెట్టకముందు. ఆ రాయి పెట్టిందెవరు? ఇరుసు విరిగింది అన్నదెవరు?

భూలక్ష్మికి అప్పుడు కండ్ల ముంగటికి దర్వాజ రాలే. జల్లెడ వచ్చింది. అవ్వ వంటింట్ల, పొయ్యి పక్క గోడకు తగిలిచ్చి ఉండే జల్లెడ. పిండి పట్టినప్పుడల్ల తీసి, మళ్ల తగిలిచ్చింది తానే, చిన్నప్పటి సంది. తగిలిచ్చేటప్పుడు బొటనేలికి ప్రతిసారి ఏదో గుచ్చుకునేది. రెక్క. ఇనుప రెక్క.

ఆరు రెక్కలు.

"మధుకర్," అన్నది. బిడ్డా అనలే ఈసారి. "మా రిజిస్టరు తప్పు కాదు. నా నోరు తప్పు. ఇన్నేండ్లు నేను ఒక పేరు ఎక్కువ చదివిన. ఇక్కడ మేకు లేదంటే, పీకినోడు వచ్చిండన్నట్టు. మా నాయిన వచ్చిండు."

"వచ్చాడా? ఎక్కడ? చూపించండి మరి!"

రవీందర్ గడియారం చూసుకున్నడు. పదకొండు నలభై. "అక్కా, ఆయనన్న మాటల ఒకటి నిజమే. పద్దెనిమిది నేను రాసుకున్న. పందొమ్మిదోది, వచ్చిండని ఎవరన్న సాక్ష్యం చెప్పాలె. పీకిన మనిషే నా ముంగట నిలబడి 'నేనే పీకిన' అంటే మొత్తం పాస్. సంతకం పెడ్త, ఆ పెట్టెలు ఆయన నెత్తిమీదనే పెట్టి పంపుత. లేకపోతే... పన్నెండు దాక ఆగుత. అంతకన్న నా చేతులల్ల లేదు."

భూలక్ష్మి ఫోను తీసింది. మల్లమ్మ ఇల్లు వెనుక గల్లీలనే. డెబ్బై అయిదేండ్లున్నా చెవులు పాముచెవులు. ఒక్క రింగుకే ఎత్తింది. జాస్మిన్ స్పీకరు నొక్కింది.

"అవ్వా, జల్లెడ దేనికి తగిలిస్తవే నువ్వు?"

"ఏందే ఈ యాళల? మేకుకు."

"ఏం మేకు?"

ఫోనుల కుక్కరు కూత వినవడ్డది. ఒకటి. రెండు.

"దర్వాజ మూసినవా భూలక్ష్మీ?" అన్నది చివరికి.

"మూసిన."

"ఇరుసు విరిగింది అని చెప్పిన గదనే నీకు."

"విరగలే. నువ్వు రాయి పెట్టినవ్. నాయిన వచ్చిండు, నాకు చెప్పలే. వచ్చి యాడికి పోయిండు?"

మూడో కూత.

"ఆ రాయి తీసిందెవరు?" అడిగింది మల్లమ్మ.

"పుల్లయ్య."

"తీసిండా?" ఆ గొంతు ఎన్నడూ లేనంత మెత్తగైంది. మూడో వరుస చివరి పేరు కాడ మెత్తబడే గొంతే. "తానే తీసిండా? ఉన్నడా ఆడ?"

భూలక్ష్మి తల తిప్పింది. చీపురు గోడకు ఆనిచ్చి ఉన్నది. నిటారుగ, తుపాకి నిలబెట్టినట్టు. పుల్లయ్య చీపురు కాడ లేడు. జాస్మిన్ మొకం ఫోను దిక్కు తిరిగిన ఆ కొంచెం సేపుల, దిడ్డి కాడికి చేరిండు. తల వంచిండు. ఒక కాలు గడప అవతల ఉన్నది.

"ఉన్నడు," అన్నది భూలక్ష్మి.

"దిడ్డి తెరిచి ఉన్నదా?"

"ఉన్నది."

"ముయ్యి బిడ్డా. నేనొస్తున్న, ముయ్యి. ఆయన మళ్ల దర్వాజ దాటిండనుకో, ఇంకో మేకు కొట్టే బలం నా చేతులల్ల లేదు."

భూలక్ష్మి నాలుగు అంగలల్ల పోయి, ఆ ముసలాయన చెయ్యి పట్టి లోపలికి గుంజింది. దిడ్డి తలుపు కాలుతోని దబ్బున మూసి, దానికి వీపు ఆనిచ్చి నిలబడ్డది. ఆయన తల ఎత్తలే. రుమాలు ముడి మీదికి చెయ్యి పోయింది, ముడి గట్టిగ పట్టుకున్నది.

"ఆ చెయ్యి తియ్యి," అన్నది భూలక్ష్మి. "ఆ రుమాలు కూడ తియ్యి. నలభై ఏండ్ల పంటినొప్పి యాడున్నదో నేనే చూస్త."